గుమ్మంలోంచి వస్తే చుట్టం, గోడ దూకితే దొంగ: అలర్జీ కథ

రంజాన్ సెలవుల తర్వాత బడి తెరిచిన రోజు. ఏడో తరగతిలో ఒక అమ్మాయి చేతులు చున్నీలో దాచుకుని కూర్చుంది. దగ్గరికి పిలిచి చూశాం. చేతి మీద మెహందీ డిజైను ఎలా ఉందో సరిగ్గా ఆ గీతల వెంటే నీటి పొక్కులు లేచి ఉన్నాయి. “పండగకి కోన్ పెట్టించుకున్నా టీచర్. గంటలోనే నల్లగా పండుతుందన్నారు. మూడో రోజు నుంచి మంట, దురద” అంది.

అదే వారంలో మూడో తరగతి పిల్లవాడి తల్లి వచ్చింది. పిల్లవాడికి పసితనం నుంచీ మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక దురద, పొక్కు. “మధ్యాహ్న భోజనంలో వాడికి గుడ్డు పెట్టొద్దు, చిక్కీ కూడా ఇవ్వొద్దు టీచరమ్మా” అంది. తింటే ఏమైనా అవుతోందా అని అడిగాం. “ఏమీ కాలేదు. దురద తగ్గుతుందని మాన్పించాం. మీరే కదా పోయిన సంవత్సరం చెప్పింది!” అంది.

ఆ మాట మాకు గుచ్చుకుంది. నిజమే, చెప్పింది మేమే. ముప్పై ఏళ్లుగా సైన్సు చెబుతున్నాం కాబట్టి తెలుసనుకుని చెప్పేశాం. ఆ తర్వాత పుస్తకాలు తిరగేసి, మన వైద్య శిబిరానికి వచ్చే డాక్టరుగారిని అడిగి తెలుసుకుంటే, మేమిచ్చిన సలహా సరైనది కాదని అర్థమైంది. ఈ ఇద్దరు పిల్లల సమస్యలకూ మూలం ఒకటేననీ తెలిసింది. ఒక పదార్థం శరీరాన్ని మొదట ఏ దారిలో కలుసుకుంది అన్నదే ఆ మూలం. మేము నేర్చుకున్నది మీతో పంచుకుందామనే ఈ వ్యాసం.

కాపలాదారులు ఎవరు?

ఒకే మనిషి పగటిపూట వీధి గుమ్మంలో నిలబడి సలాం చెబితే లోపలికి రమ్మంటాం. అతనే అర్ధరాత్రి పెరటి గోడ దూకితే దొంగా దొంగా అని అరుస్తాం. మనిషి మారలేదు, వచ్చిన దారి మారింది. మన శరీరం కూడా చాలావరకు ఇలాగే ఆలోచిస్తుంది. నోరు వీధి గుమ్మం. చర్మం ప్రహరీ గోడ.

ఈ గోడలో కాపలాదారులున్నారు. 1868లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి చర్మపు ముక్కకు రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూశాడు. పై పొరలో కొమ్మలు చాచిన చెట్టులాంటి కణాలు కనిపించాయి. ఆకారం చూసి అవి నాడీకణాలని అనుకున్నాడు. అవి రోగనిరోధక వ్యవస్థకు చెందినవని తేలడానికి వందేళ్లకు పైగా పట్టింది. ఇప్పటికీ వాటిని లాంగర్‌హాన్స్ కణాలనే అంటారు. 1973లో అమెరికాలో రాల్ఫ్ స్టైన్‌మన్ శరీరంలో మరోచోట ఇలాంటి కొమ్మల కణాలనే కనుగొని డెండ్రైటిక్ కణాలని పేరు పెట్టారు. 2011లో ఆయనకు నోబెల్ బహుమతి ప్రకటించారు. ఆ ప్రకటనకు మూడు రోజుల ముందే ఆయన కన్నుమూశారు.

ఈ కణాలు తమంతట తాము యుద్ధం చేయవు. ఇవి వార్తాహరులు. బయటినుంచి వచ్చిన ఒక ప్రొటీను తునకను పట్టుకుని, దగ్గరలోని శోషరస గ్రంథికి వెళతాయి. కాలికి పుండైతే గజ్జలో ‘బిళ్ల కట్టింది’ అంటామే, ఆ బిళ్లలే శోషరస గ్రంథులు. అక్కడ టి కణాలనే తెల్లరక్తకణాలు ఉంటాయి. కొమ్మల కణం తను తెచ్చిన తునకను వాటికి చూపిస్తుంది. చూపించడంతోపాటు ఒక సంకేతం కూడా ఇస్తుంది: ‘ఇది ప్రమాదం’ అని గానీ, ‘ఇది మామూలే, వదిలేయండి’ అని గానీ. అలర్జీ పుట్టేదీ, సహనం పుట్టేదీ ఆ సంకేతం దగ్గరే.

గోడ పగిలినప్పుడు

ఆరోగ్యంగా ఉన్న చర్మం గట్టి గోడ. పై కణాలు ఇటుకల్లా, వాటి మధ్య కొవ్వు పదార్థం సున్నంలా ఉంటాయి. ఫిలాగ్రిన్ అనే ప్రొటీను ఈ కట్టడానికి బలాన్నీ తేమనూ ఇస్తుంది. కొందరిలో ఈ ప్రొటీనును తయారుచేసే జన్యువులో పుట్టుకతోనే లోపం ఉంటుంది. వారికి ఎగ్జిమా వచ్చే అవకాశం ఎక్కువని 2006లో స్కాట్లండ్‌లోని డండీ శాస్త్రవేత్తల బృందం చూపింది. ఎగ్జిమా అంటే గజ్జి కాదు, తామర కాదు, అంటువ్యాధి అసలే కాదు. గోడ బీటలు వారడం.

బీటలు వారిన చర్మాన్ని పిల్లవాడు గోకుతాడు. దెబ్బతిన్న చర్మకణాలు ప్రమాద ఘంటికల్లాంటి రసాయనాలను విడుదల చేస్తాయి. సరిగ్గా ఆ సమయంలో ఇంట్లో ఎగిరే పల్లీల పొడో, అన్నం తిన్న చేతికంటిన గుడ్డు తునకో ఆ బీటలోంచి లోపలికి వెళ్లిందనుకుందాం. కాపలా కణం దాన్ని పట్టుకుని, ‘గోడ దూకి వచ్చింది’ అన్న కబురుతో సహా గ్రంథికి చేరవేస్తుంది. టి కణాలు ఆ మాట నమ్మి, బి కణాలనే మరో రకం కణాలను పురిగొల్పుతాయి. అవి ఐ.జి.ఇ. అనే ప్రతిరక్షకాన్ని తయారుచేస్తాయి. ఈ ఐ.జి.ఇ.లు చర్మంలో, ముక్కులో, పేగుల్లో ఉండే మాస్ట్ కణాల మీద వెళ్లి కూర్చుంటాయి. పేల్చడానికి సిద్ధం చేసిన తుపాకుల్లాంటి కణాలివి.

ఆ తర్వాత ఒకరోజు అదే పల్లీ నోటిదారిలో వస్తే మాస్ట్ కణాలు పేలుతాయి. హిస్టమిన్ వంటి రసాయనాలు ఒక్కసారిగా విడుదలవుతాయి. దద్దుర్లు, పెదాలు వాయడం, వాంతులు, కొందరిలో ఊపిరాడకపోవడం నిమిషాల్లో మొదలవుతాయి. పిల్లవాడు జీవితంలో మొదటిసారి పల్లీ తిన్నప్పుడే ఇలా జరిగితే తల్లిదండ్రులు ఆశ్చర్యపోతారు. తినడం మొదటిసారే కావచ్చు, శరీరం దాన్ని కలుసుకోవడం మొదటిసారి కాదు.

జపాన్ సబ్బు చెప్పిన సంగతి

ఇది పసిపిల్లల విషయమే అనుకోకూడదు. జపాన్‌లో కొన్నేళ్ల క్రితం ఒక ముఖం సబ్బు బాగా అమ్ముడుపోయింది. నురుగు బాగా రావడానికీ, చర్మం మృదువుగా ఉండడానికీ అందులో గోధుమ ప్రొటీనును చిన్న తునకలుగా చేసి కలిపారు. దాన్ని రోజూ వాడిన వారిలో రెండు వేల మందికి పైగా గోధుమ అలర్జీ వచ్చింది. వారిలో ఎక్కువమంది అప్పటివరకు గోధుమ పదార్థాలు హాయిగా తింటూ వచ్చిన పెద్దవాళ్లు. నోరు ఏళ్ల తరబడి నేర్పిన స్నేహాన్ని చర్మం చెడగొట్టిందన్నమాట. సబ్బు వాడకం ఆపేశాక చాలామందిలో అలర్జీ క్రమంగా తగ్గుముఖం పట్టింది.

గుమ్మం దగ్గర మర్యాద

ఇక నోటి సంగతి చూద్దాం. నోటి లోపలి పొరలోనూ, నాలుక కిందా లాంగర్‌హాన్స్ కణాలున్నాయి. చర్మంలో ఉన్నవాటి బంధువులే, అయితే వాటి స్వభావం వేరు. నోరు రోజంతా పప్పు, ఉప్పు, పాలు, పండ్లతోనూ, కోట్లాది సూక్ష్మజీవులతోనూ మెలగాలి. ప్రతిదానికీ గంట మోగిస్తే మనిషి బతకలేడు. అందుకే ఇక్కడి కణాలు ఎక్కువగా శాంతి సంకేతాలనే పంపుతాయి. పైగా నాలుక కింద పొరలో, పేలే స్వభావమున్న మాస్ట్ కణాలు తక్కువ. మింగిన తర్వాత మిగతా పని, నిజానికి పెద్ద పని, పేగుల్లోని కణాలు చేస్తాయి.

ఈ శాంతి సంకేతం అందుకున్న టి కణాల్లో కొన్ని ‘నియంత్రణ టి కణాలు’గా మారతాయి. తరగతిలో గొడవ చేసే పిల్లలను సర్దిచెప్పి కూర్చోబెట్టే లీడరు లాంటివి ఇవి. ఒక పదార్థాన్ని స్నేహితుడిగా గుర్తుపెట్టుకుని, దాని మీదికి మిగతా కణాలు ఎగబడకుండా ఆపుతాయి. ఇలాంటి కణాలున్నాయని జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి 1995లో చూపారు. ఈ రంగంలో కృషికి 2025లో ఆయనకూ, అమెరికాకు చెందిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకూ వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

నోటి ద్వారా సహనం నేర్పవచ్చన్న సంగతి ఇంకా పాతది. 1911లో అమెరికాలో గిడియన్ వెల్స్ గినీ పిగ్‌లనే చిన్న జంతువులకు ముందుగా కోడిగుడ్డు ప్రొటీను తినిపించాడు. తర్వాత అదే ప్రొటీనును సూదిద్వారా ఎక్కించినా వాటికి ప్రమాదం కలగలేదు. నేడు కొన్ని పుప్పొడుల అలర్జీకీ, ఇంటి దుమ్ములోని పురుగుల అలర్జీకీ నాలుక కింద పెట్టుకునే బిళ్లలు వచ్చాయి. శత్రువుగా ముద్రపడినదాన్నే గుమ్మంలోంచి మళ్లీ మళ్లీ కొద్దికొద్దిగా పంపి, పరిచయం పెంచే వైద్యం అది. వైద్యుల పర్యవేక్షణలో నెలలు, ఏళ్లు సాగుతుంది.

పల్లీల పరీక్ష

దారి మారితే ఫలితం మారుతుందన్న మాటకు మనుషుల్లో గట్టి రుజువు పల్లీల దగ్గర దొరికింది. 2000లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం, అలర్జీ వచ్చే అవకాశమున్న పిల్లలకు మూడేళ్లు వచ్చేదాకా పల్లీలు పెట్టవద్దని సలహా ఇచ్చింది. బ్రిటన్‌లోనూ అలాంటి సలహానే ఉండేది. తల్లులు శ్రద్ధగా పాటించారు. పల్లీ అలర్జీ మాత్రం పెరుగుతూనే పోయింది.

లండన్‌లోని పిల్లల వైద్యుడు గిడియన్ లాక్‌కు అనుమానం వచ్చింది. ఆయన బృందం 2003లో దాదాపు 14 వేల మంది పిల్లల వివరాలు పరిశీలించి, దద్దుర్ల మీద పల్లీ నూనె కలిసిన క్రీములు రాసిన పసిపిల్లల్లో పల్లీ అలర్జీ ఎక్కువగా ఉందని చూపింది. 2008లో బ్రిటన్‌లోని యూదు పిల్లలనూ, ఇజ్రాయెల్‌లోని యూదు పిల్లలనూ పోల్చారు. వంశం ఒకటే అయినా బ్రిటన్ పిల్లల్లో ఈ అలర్జీ పది రెట్లు ఎక్కువ. ఇజ్రాయెల్‌లో పసిపిల్లలకు పల్లీతో చేసిన మెత్తని చిరుతిండి తినిపించడం మామూలు. బ్రిటన్‌లో ఏడాది నిండేదాకా పల్లీ వాసన కూడా చూపించేవారు కాదు.

పోలిక రుజువు కాదు కాబట్టి ప్రయోగం చేశారు. తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న, 4 నుంచి 11 నెలల లోపు పిల్లలు 640 మందిని తీసుకున్నారు. ముందుగా చర్మపరీక్ష చేసి, అప్పటికే గట్టి అలర్జీ కనిపించిన వారిని పక్కన పెట్టారు. మిగిలిన వారిలో సగం మందికి వారానికి కనీసం మూడుసార్లు పల్లీ ఆహారం, సగం మందికి అసలు పల్లీ లేదు. అయిదేళ్లు వచ్చాక చూస్తే, పల్లీ మానిన పిల్లల్లో వందకు 17 మందికి అలర్జీ ఉంది. తిన్న పిల్లల్లో వందకు 3 మందికే ఉంది. 2015లో ఈ ఫలితాలు వచ్చాక, 2017లో అమెరికాలో సలహా తలకిందులైంది. దాచడం కాదు, తగిన వయసులో తగిన రూపంలో పరిచయం చేయడం మంచిదన్నారు.

మన రాయలసీమలో, ముఖ్యంగా అనంతపురం ప్రాంతంలో, శనక్కాయ లేని ఇల్లు ఉండదు. చట్నీలో, కూరలో, ఉండల్లో అదే. ఇళ్లలో గాలిలో, చేతుల మీద, దుప్పట్ల మీద దాని పొడి ఉంటూనే ఉంటుంది. అలాంటి ఇంట్లో ఎగ్జిమా ఉన్న బిడ్డకు నోటిదారి మాత్రమే మూసేస్తే, చర్మం దారి తెరిచే ఉంటుంది. మేమిచ్చిన సలహాలో తప్పు ఇదే. హాయిగా తింటున్న గుడ్డును దురద కోసం మాన్పిస్తే, ఏర్పడిన సహనం సడలిపోయి, మళ్లీ పెట్టినప్పుడు తీవ్రమైన అలర్జీ రావడం వైద్యులు గమనించిన సంగతే.

మెహందీ, చెవిదుద్దులు

ఇక మొదటి అమ్మాయి సంగతి. గోరింటాకు సహజంగా నారింజ రంగులో మొదలై, ఒకటి రెండు రోజుల్లో ముదురు ఎరుపు, గోధుమ రంగుకు తిరుగుతుంది. అసలైన ఆకు గంటలో నల్లగా పండదు. ‘బ్లాక్ మెహందీ’ పేరుతో అమ్మేవాటిలో తరచుగా పి.పి.డి. అనే రసాయనం కలుపుతారు. ఇది తలకు వేసే రంగుల్లో వాడేది. చర్మం మీద వేయడానికి అమెరికా, ఐరోపా దేశాల్లో దానికి అనుమతి లేదు.

ఇక్కడ జరిగే అలర్జీ ఇంకో రకం. ఇందులో ఐ.జి.ఇ. పాత్ర లేదు. పి.పి.డి. చాలా చిన్న అణువు. అది చర్మంలోకి దిగి మన సొంత ప్రొటీన్లకే అతుక్కుంటుంది. కాపలా కణాలు దాన్ని పరాయిదిగా చూసి గ్రంథికి తీసుకెళతాయి. టి కణాలే నేరుగా దాడికి వస్తాయి. అందుకే పొక్కులు నిమిషాల్లో కాక ఒకటి రెండు రోజులకు వస్తాయి. పొక్కులు మానతాయి గానీ ఆ టి కణాల జ్ఞాపకం చాలావరకు జీవితాంతం ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ అమ్మాయి తలకు రంగు వేసుకుంటే ముఖమంతా వాచి ఆసుపత్రి పాలు కావచ్చు. పండగ పూట ఒక గంట తొందరకు చెల్లించే ధర అది.

గిల్టు దుద్దులు పెట్టుకుంటే కొందరికి చెవులు పుండ్లు పడడం కూడా ఈ రకమే. దానికి కారణం ఎక్కువగా నికెల్ లోహం. 1991లో ఐరోపాలో రెండు వేలకు పైగా మందిని పరిశీలించినప్పుడు ఒక విచిత్రం బయటపడింది. చెవులు కుట్టించుకోవడానికి ముందే పళ్లకు తీగలు కట్టించుకున్న వారిలో నికెల్ అలర్జీ తక్కువ. పళ్ల తీగలనుంచి అతి స్వల్పంగా నికెల్ నోట్లోకి వస్తుంది. అంటే నోటితో ముందు పరిచయమైన వారికి, తర్వాత చెవికి కుట్టినా చర్మం గొడవ చేయడం తగ్గింది. అదే నికెల్, అదే మనిషి. ఏది ముందు, ఏది వెనక అన్నదే తేడా.

ఇంట్లో ఏం చేయాలి?

మొదటిది, గోడను కాపాడాలి. ఎగ్జిమా ఉన్న బిడ్డకు స్నానం కాగానే వాసనలేని తేమ క్రీము రాయాలి, గోళ్లు కత్తిరించాలి, వైద్యుడిచ్చిన మందును భయపడి మధ్యలో ఆపకూడదు. పగిలిన చర్మం మీద శనగపిండి, పాలు, గుడ్డు, పల్లీ నూనె వంటి తినే పదార్థాలు రాయకపోవడమే మంచిది. బిడ్డను ఎత్తుకునే ముందు తిన్న చేతులు కడుక్కోవాలి.

రెండవది, ఆరు నెలలు తల్లిపాలు, ఆ తర్వాత మెల్లగా అన్ని రకాల ఆహారమూ. గుడ్డు బాగా ఉడికించి, పల్లీలు మెత్తగా నూరి గంజిలోనో అన్నంలోనో కలిపి పెట్టాలి. గింజలు గింజలుగా ఎన్నడూ పెట్టకూడదు, గొంతులో అడ్డుపడి ప్రాణం పోతుంది. తీవ్రమైన ఎగ్జిమా ఉన్నా, అప్పటికే ఏదైనా తిని దద్దుర్లు వచ్చినా, ఇంట్లో పరీక్షలు చేయవద్దు. ముందు డాక్టరును కలవాలి. తిన్న వెంటనే పెదాలు వాచి, ఊపిరి కష్టమైతే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మూడవది. మనలో బిడ్డ పుట్టగానే తహ్నీక్ చేస్తాం. మెత్తని ఖర్జూరం కొద్దిగా అంగిలికి రాస్తాం. ఈ వ్యాసం చదివి, అలర్జీ రాకుండా అది కాపాడుతుందని ఎవరైనా అనవచ్చు. అలా తేల్చిన రుజువు మాకు కనిపించలేదు. సున్నత్‌ను సున్నత్‌గా పాటిద్దాం, దానికి సైన్సు ముద్ర వేయనక్కరలేదు. చేతులు శుభ్రంగా కడుక్కుని చేద్దాం. ఏడాది లోపు బిడ్డకు తేనె మాత్రం నాకించవద్దని వైద్యులు గట్టిగా చెబుతారు, అది వినాలి.

నాలుగవది, పండగకి ఆకు నూరుకోండి. లేదా నమ్మకమైన చోట ఆకు పొడి కొని ఇంట్లోనే కలుపుకోండి. నల్ల కోన్ మన ఆడపిల్లల చేతికి తగలనివ్వవద్దు.

ఆ మూడో తరగతి పిల్లవాణ్ని తల్లి చర్మవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన చర్మానికి మందిచ్చి, పరీక్ష చేసి, తన ఎదుటే గుడ్డు మళ్లీ మొదలుపెట్టించారు. ఇప్పుడు మధ్యాహ్నం పంక్తిలో గుడ్డు తింటున్నాడు, చిక్కీ కోసం చేయి చాపుతున్నాడు. మేము ఆ తల్లి దగ్గరికి వెళ్లి, “పోయిన సంవత్సరం మేము చెప్పింది తప్పమ్మా” అని ఒప్పుకున్నాం. ఆమె నవ్వి, “పోనీలెండి టీచరమ్మా, ఇప్పుడు చెప్పారుగా” అంది. ఏడో తరగతి అమ్మాయి నోటుబుక్కు అట్ట లోపల ‘తలకు రంగు ఎప్పటికీ వద్దు, డాక్టరుకు ముందే చెప్పాలి’ అని ఎర్ర సిరాతో రాయించాం. వాళ్ల అమ్మీకీ చెప్పాం.

తెలియకుండా సలహా ఇవ్వడం ఎంత తేలికో, దాన్ని దిద్దుకోవడం అంత అవసరం. ఈ సంచిక చదివిన ప్రతి ఇంట్లో ఒక బిడ్డకైనా తినే ముద్ద నిష్కారణంగా దూరం కాకుండా ఉంటే, ఒక ఆడపిల్ల చేతికైనా పొక్కులు తప్పితే, మేము రాసినందుకు ఫలితం దక్కినట్టే. అల్లాహ్ మన పిల్లలందరినీ ఆరోగ్యంగా ఉంచుగాక. ఆమీన్.